రెండు వందల పదిహేనో పేజీ మీది చీటీ

ఆ మెడికల్ కాలేజీలోకి వెళ్ళి లైబ్రరీ ఎక్కడని అడిగితే అక్కడ చదువుకునే పిల్లలే తల గోక్కుంటారు. "చీటీల మేడమ్ గది" అని అడగండి, లిఫ్టు నడిపే ఆయన దగ్గర్నుంచి దుప్పట్ల మూటలు మోసేవాళ్ళ దాకా అందరూ ఠక్కున చెప్తారు: మెట్లు దిగి, ఎక్స్‌రే గది దాటి, మందుల స్టోరుకు ఎదురుగా. ఆ గది సగం నేలలో ఉంది. కిటికీలోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ కాళ్ళే తప్ప మొహాలు కనబడవు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ కాళ్ళనే చూసి చూసి, నడకను బట్టి ఎవరు డాక్టరో, ఎవరు రోగి తాలూకు మనిషో చెప్పేయగలదు మన లైబ్రేరియన్. డాక్టర్ల చెప్పులు దారి చూసుకోవు, వచ్చిన బంధువుల చెప్పులు ప్రతి మలుపు దగ్గరా ఆగుతాయి అంటుంది.

ఆమెకు ఆ చీటీల పేరు ఊరికే రాలేదు. పెద్ద పెద్ద వైద్య జర్నళ్ళు కూడా తప్పులు అచ్చేస్తాయి. ఒక సంచికలో వ్యాసం వస్తుంది. ఆర్నెల్లకో ఏడాదికో మరో సంచిక చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, ఫలానా అంకె తప్పు పడింది, సవరించుకోగలరు అని వేసి చేతులు దులుపుకుంటారు. వ్యాసం ఒక ఏడాది సంచికల్ని కలిపి కుట్టిన బైండులో ఉంటుంది, సవరణ ఇంకో బైండులో ఉంటుంది. చదివేవాడికి ఆ రెండూ కలిసేది ఎన్నడు? అందుకని ఆమె కొత్త సంచిక చేతికి రాగానే వెనక నుంచి తిప్పేది. సవరణ కనిపిస్తే చిన్న కాగితం మీద టైపు చేసి, పాత బైండు వెతికి తీసి, తప్పున్న చోటే అంటించేది. అంటించడానికీ ఒక పద్ధతి ఉంది. చీటీ మొత్తానికి జిగురు రాస్తే కింద అచ్చు పాడవుతుంది కాబట్టి పై అంచుకు మాత్రమే రాయాలి. చీటీ ఎత్తితే పాత తప్పు, దించితే కొత్త ఒప్పు. అలాంటివి పదకొండు వందల చిల్లర ఉన్నాయి ఆ గదిలో. ఒక్కొక్కటీ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

ఈ జబ్బు పెళ్ళినాటిది. శుభలేఖలో పెళ్ళి హాలు ఉన్న వీధి తప్పు పడితే, పెళ్ళికూతురై ఉండి కూడా రెండు పూటలు కూర్చుని మూడు వందల శుభలేఖల మీద చీటీలు అంటించింది. వాళ్ళాయన బస్సు డిపోలో టైమ్ కీపరు. ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పి, "నా మొహం మీద కూడా ఓ చీటీ అంటిద్దామని చూసింది, నేనే తప్పించుకున్నా" అంటాడు. "తప్పించుకోలేదురా, నీ తప్పులకి చీటీలు చాల్లేదు" అంటుంది వాళ్ళత్తగారు. కోడలి పక్షం వహించే అత్తగారు దొరకడం గొప్ప, అందుకని ఆ మాట ఎన్నిసార్లు విన్నా ఆమె కొత్తగా విన్నట్టే నవ్వుతుంది.

అసలు సంగతికి వస్తాను. ఐదేళ్ళ కిందట ఒక చిన్న ఆసుపత్రి డాక్టరు ఏదో వ్యాసం కావాలని ఆమెకు ఉత్తరం రాశాడు. ఉత్తరం రావడానికి నాలుగు రోజులు, డీన్ ఆఫీసులో సంతకానికి మూడు రోజులు, కాపీ తీసి పోస్టు చేస్తే చేరడానికి ఇంకో నాలుగు. జవాబుగా ఒక కార్డు వచ్చింది. "అందింది, కృతజ్ఞతలు. ఇప్పుడు అవసరం లేదు." అంతే రాశాడు. అవసరం ఎందుకు లేకుండా పోయిందో ఆసుపత్రిలో పనిచేసే మనిషికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ కార్డు పట్టుకుని ఆమె రెండు రోజులు అన్నం సయించకుండా తిరిగింది. మూడో రోజు ఫోన్లు మొదలుపెట్టింది. ఎక్కడెక్కడి మెడికల్ లైబ్రేరియన్లనో పట్టుకుని, బతిమాలి, కోప్పడి, పదకొండు మందిని ఒక ఫోన్ గ్రూపులోకి లాగింది, తనతో కలిపి పన్నెండు. దానికి పన్నెండు అలమరలు అని పేరు పెట్టింది. ఎవరి అలమరలో ఏముందో అందరికీ తెలియాలి, అడిగిన గంటలో కాపీ చేరాలి. ఇంతకన్నా వేరే నిబంధన లేదు.

గంటలో అన్నది ఆమెకు పంతంగా మారింది. నలభై నిమిషాల్లో పంపితే గ్రూపులో చప్పట్లు, ముప్పైలో పంపితే వాటితో పాటు దండలు. యాభై దాటిన మనిషి, ఆ బొమ్మల చప్పట్లకు చిన్నపిల్లలా మురిసిపోయేది.

అందులో ఒకాయన మాత్రం చప్పట్లు కొట్టేవాడు కాదు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్ద లైబ్రేరియన్, అందరూ రూల్సు బాబాయి అంటారు. "పంపిన కాపీ వల్ల ఏదన్నా జరిగితే ఎవరు బాధ్యులు?" అని నెలకోసారి తప్పకుండా అడుగుతాడు. ఎవరూ జవాబు చెప్పరు. అదే ప్రశ్న పైవాళ్ళ చెవిన పడి, ఈ గ్రూపును ఉంచాలా మూసేయాలా తేల్చడానికి ఆ పన్నెండు చోట్ల డీన్‌లూ పెద్దలూ సమావేశం పెట్టుకున్నారు. ఎలా నడుస్తుందో చూద్దామని ఆమె డీన్ రెండు రోజుల ముందు తానే గ్రూపులో చేరాడు. సమావేశం నేను చెప్పబోయే రోజు మధ్యాహ్నం మూడు గంటలకు.

ఆ రోజు పొద్దున పదీ ఐదుకు గ్రూపులో ఒక అభ్యర్థన వచ్చింది. పంపింది చిన్న ఊరి ఆసుపత్రి లైబ్రేరియన్. ఆమెను అక్కా అంటాడు, ఆమె తమ్ముడూ అంటుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది మాత్రం ఒక్కసారే. అతను రాసిన సంగతి ఇదీ: ఆరేళ్ళ పాప. అమ్మానాన్నలకు లోహపు సామాన్లకు మెరుగుపెట్టే దుకాణం ఉంది. అక్కడ సీసాలోని ద్రవం తాగేసింది. నిన్న సాయంత్రం తీసుకొచ్చారు. ఏ విషమో తెలిసింది, విరుగుడు మందు పక్క జిల్లా నుంచి తెప్పించారు. ఆ మందు వాడిన డాక్టరు అక్కడ ఒక్కరూ లేరు. పెద్దలకు ఎంతో పుస్తకాల్లో స్పష్టంగా లేదు, పిల్లలకు ఎంతో అసలే లేదు. ఇరవై మూడేళ్ళ కిందటి ఒక వ్యాసంలో పట్టిక ఉందని తెలిసింది. ఆ సంచిక ఇంటర్నెట్లో దొరకదు. "అక్కా, పన్నెండు అలమరల్లో నీ దగ్గరే ఉంది. మందు చేతిలో పెట్టుకుని కూర్చున్నారు."

ఆమె లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. బైండు ఎక్కడుందో వెతకనక్కర్లేదు, నాలుగో వరుస, పై నుంచి రెండో అర. స్టూలెక్కి దించి, స్కానరు మీద పరిచి, ఒక్కో పేజీ తీయడం మొదలుపెట్టింది. రెండు వందల పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు. పదిహేనులో పట్టిక. పట్టిక మీద చీటీ.

చీటీ ఉన్న పేజీకి రెండు స్కాన్లు తీయాలి. ఇది ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం: ముందు చీటీ ఎత్తి ఒకటి, తర్వాత దించి ఒకటి. బొటనవేలితో చీటీ ఎత్తిపట్టి మొదటిది తీసింది. సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. డీన్ ఆఫీసు గుమస్తా.

"మేడమ్, మూడింటి మీటింగుకి పన్నెండు లైబ్రరీల లిస్టు రాలేదు. సార్ ఇందాకట్నుంచి అడుగుతున్నారు."

"పంపుతానండీ, ఒక్క అరగంట ఆగమనండి."

"అరగంటంటే సార్ ఊరుకోరు మేడమ్."

"ఊరుకోకపోతే కిందకి రమ్మనండి, పుస్తకాలు ఆయనే మోస్తారు" అని, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకునే ఇంకో చేత్తో పేజీ తిప్పేసింది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. అయిపోయింది. పదీ ఇరవై ఎనిమిదికి పంపింది. ఇరవై మూడు నిమిషాలు! గ్రూపు పెట్టినప్పటి నుంచి ఇంత త్వరగా ఎవరూ పంపలేదు. చప్పట్లూ దండలూ వరసగా వచ్చి పడ్డాయి. డీన్ కూడా బొటనవేలు బొమ్మ పెట్టాడు. సంతోషంతో ఆమె చెవులు వేడెక్కాయి. ఈ రోజే ఇలా జరగాలా, దేవుడు ఉన్నాడు అనుకుంది. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో ఆమె పాప గురించి కాదు, మూడింటి మీటింగు గురించి ఆలోచించింది.

లిస్టు తయారుచేసి పంపి, వచ్చిన ఇద్దరు విద్యార్థులకు పుస్తకాలిచ్చి, పదీ యాభైకి బైండును మళ్ళీ అరలో పెడదామని తీసింది. పేజీల మధ్య నుంచి చీటీ మూల ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఇదేమిటి ఇలా నలిగిందని ఆ పేజీ తెరిచి, మూల సరిచేస్తూ, యథాలాపంగా చదివింది.

"పట్టికలో పై శీర్షికలు తారుమారుగా పడ్డాయి. పిల్లలకు అన్న చోట పెద్దల మోతాదు, పెద్దలకు అన్న చోట పిల్లల మోతాదు ఉంది. మార్చి చదువుకోగలరు."

తను టైపు చేసిందే. తన చేత్తో అంటించిందే.

మొదట ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమై, బైండు బల్ల మీద పడేసింది. తను పంపిన స్కాన్లు ఫోనులో తెరిచి చూసింది. పదిహేనో పేజీ ఒక్కటే ఉంది. చీటీ ఎత్తిన పేజీ. మూలలో తన బొటనవేలు కూడా పడింది. గంటకు రెండు మిల్లీలీటర్లు ఎక్కించాల్సిన పాపకు ఎనిమిది ఎక్కించమని చెప్తోంది ఆ కాగితం.

తమ్ముడికి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది. స్విచాఫ్. అతని అలవాటు ఆమెకు తెలుసు. కాపీ వస్తే ప్రింటు తీసి, ఐ.సి.యు.కు స్వయంగా తీసుకెళ్ళి, డాక్టరు చదివేదాకా పక్కనే నిలబడతాడు. లోపలికి ఫోన్లు ఆపి వెళ్ళాలి. ఆసుపత్రి నంబరు కొట్టింది. ఎంగేజ్. అప్పటికి పదీ యాభై రెండు.

ఇక మిగిలింది గ్రూపు. పన్నెండు మందిలో ఎవరో ఒకరికి ఆ ఆసుపత్రిలో ఎవరో ఒకరు తెలిసే ఉంటారు. ఆమె గ్రూపు తెరిచింది. "నేను పంపిన కాపీలో" అని కొట్టి ఆగింది. పైన డీన్ పెట్టిన బొటనవేలు బొమ్మ కనిపిస్తోంది. రూల్సు బాబాయి కూడా చూస్తాడు. మూడింటికి మీటింగు. ఐదేళ్ళు గుండెల మీద పెట్టుకుని మోసిన పని, ఇప్పుడు తన నోటితోనే, ఇదిగో మీరు భయపడిందే జరిగింది అని చెప్పాలి. కొట్టింది చెరిపేసింది. మళ్ళీ తమ్ముడికి చేసింది. స్విచాఫ్. ఇంకొక్కసారి ఆసుపత్రి నంబరు. ఎంగేజ్. ఇప్పుడు బయటికి వస్తాడు, వచ్చి ఫోన్ ఆన్ చేస్తాడు, చెవిలో ఒక్క మాట చెప్తే చాలు, ఎవరికీ తెలియకుండా సర్దుకుంటుంది. ఇంకో నిమిషం చూద్దాం. ఇంకొక్క నిమిషం. మళ్ళీ కొట్టింది. మళ్ళీ చెరిపింది. కిటికీలో ఎవరివో కాళ్ళు వెళ్ళాయి, ఆగాయి, వెనక్కి తిరిగాయి. దారి తెలియని మనిషి ఎవరో.

నువ్వు మనిషివేనా, అని ఆమె తనను తాను పైకే అడిగింది. అప్పుడు రాసింది.

"నేను పంపిన కాపీలో 215వ పేజీ తప్పు. పట్టిక వాడొద్దు. పాపకి నాలుగు రెట్లు మందు వెళ్తుంది. సవరణ చీటీ స్కాన్ చెయ్యడం మర్చిపోయాను. తప్పు పూర్తిగా నాది. తమ్ముడి ఫోన్ ఆఫ్‌లో ఉంది. ఆ ఆసుపత్రిలో మీకు తెలిసినవాళ్ళు ఎవరున్నా సరే, ఇప్పుడే ఫోన్ చెయ్యండి." కింద, ఈసారి చీటీ దించిన పేజీ పెట్టింది. సమయం పదీ యాభై ఏడు.

 అర నిమిషంలో గ్రూపు మొత్తం ఒక్కసారిగా లేచింది. నర్సింగ్ కాలేజీ లైబ్రేరియన్, అందరికీ వదిన, "నా పాత స్టూడెంటు అక్కడ నర్సు, చేస్తున్నా" అని పెట్టింది. వెంటనే "డ్యూటీలో లేదంట, వేరే నంబరు ఇస్తోంది" అంది. ఒకరు అక్కడి బ్లడ్ బ్యాంకుకు చేస్తున్నారు. ఒకరు అంబులెన్స్ డ్రైవర్ నంబరు పట్టారు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అంతలో ఆమె ఫోను మోగింది. రూల్సు బాబాయి.

"అమ్మాయ్, ఏడవకు. ముందు నాకు చెప్పు. ఏ పేజీ, ఏ గడి, ఎంతకి ఎంత. మెల్లిగా చెప్పు, రాసుకుంటున్నా."

చెప్పింది. ఆయన రాసుకునేలా రెండోసారి కూడా చెప్పింది.

"ఎనిమిది కాదు, రెండు. అంతేనా? సరే. అక్కడ క్యాంటీన్ నడిపేవాడు మా వియ్యంకుడి తమ్ముడు. నా ఇంకో ఫోన్లోంచి వాడికి చేస్తున్నా. నువ్వు పెట్టెయ్యకు."

"క్యాంటీనా బాబాయ్ గారూ? ఐ.సి.యు.లోకి ఎలా రానిస్తారు?"

"టీ ఫ్లాస్కు చేతిలో ఉన్నవాణ్ణి ఏ ఆసుపత్రిలోనూ ఎవడూ ఆపడమ్మా. డాక్టర్ని ఆపుతారు గానీ వాణ్ణి ఆపరు. ముప్పై ఎనిమిదేళ్ళు చూశాను."

మామూలు రోజైతే ఆ మాటకు పడీపడీ నవ్వేది. ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని నిలబడింది. అవతల బాబాయి ఇంకో ఫోన్లో అరుస్తున్నాడు. "ఒరేయ్, బేరాలు తర్వాత చూసుకో! కాగితం తీసుకో. బిల్లు పుస్తకం ఉందిగా, దాని వెనక రాయి... పాపకి పెట్టిన మందు ఆపండి... ఆపండి అని పెద్ద అక్షరాల్లో రాయరా... ఎనిమిది కాదు రెండు... కింద లైబ్రరీ అని రాయి. పరిగెత్తు! ఫ్లాస్కు మర్చిపోకు!"

 బాబాయి రెండో ఫోన్లోంచి వచ్చే చప్పుళ్ళలో మెట్లున్నాయో మనుషులున్నారో ఆమెకు తెలియలేదు. బాబాయి ఊపిరి మాత్రం వినబడుతోంది, తనే మెట్లెక్కుతున్నట్టు. "రెండో అంతస్తుకి వెళ్ళాడు" అన్నాడు. కాసేపటికి "వాడికి ఆయాసం, ఆగాడు, వెధవ" అన్నాడు. మళ్ళీ "తలుపు దగ్గరున్నాడు. ఎవరో అడ్డం వచ్చారు. టీ అంటున్నాడు." ఆమె బల్ల అంచు పట్టుకుంది. గోడ గడియారం ముల్లు పదకొండూ ఎనిమిది మీద ఉంది. బతికించు తండ్రీ, ఇంకేమీ అడగను, గ్రూపు పోతే పోనీ, ఉద్యోగం పోతే పోనీ అని మొక్కుకుంది. పదహారు నిమిషాల కిందట ఈ మాట అనుకోవాల్సింది.

"ఇచ్చాడు" అన్నాడు బాబాయి. "డాక్టరమ్మ చేతికే ఇచ్చాడు. ఆపేశారు. అమ్మాయ్, వింటున్నావా? ఆపేశారు."

ఆమె పడిపోయిన కుర్చీ ఇంకా ఎత్తనే లేదు. నేల మీదే కూర్చుండిపోయింది.

పావుగంటకు ఆ ఆసుపత్రి డాక్టరు స్వయంగా ఫోన్ చేసింది. చిన్న వయసు గొంతు, వణుకు దాచుకోవడం ఇంకా రాలేదు. "మేడమ్, రెండో కాపీ చూశాను. పదీ యాభై ఎనిమిదికి మొదలుపెట్టాం, పదకొండూ తొమ్మిదికి ఆపాం. పదకొండు నిమిషాలు వెళ్ళింది."

"పాప ఎలా ఉందండీ?"

"ఏడో నిమిషంలో గుండె నెమ్మదించడం మొదలైంది. తర్వాత ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు ఆగాయి. సరైన మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టాం. రేపు పొద్దుటిదాకా ఏమీ చెప్పలేను." "పెద్దలకన్నా పిల్లలకి ఎక్కువ ఉందేమిటా అని నాకూ అనిపించింది మేడమ్. పిల్లల ఒంట్లోంచి మందు త్వరగా బయటికి పోతుందేమోలే అనుకున్నా. నేనూ ఒకసారి అడగాల్సింది" అంది.

ఆ తప్పులో వాటా పంచుకోవాలని ఆ కుర్ర డాక్టరు ఎంత ప్రయత్నించినా ఆమెకు అది ఎక్కలేదు. ఏడో నిమిషం అన్న మాటే చెవుల్లో ఉండిపోయింది. కబురు చేరడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. పదీ యాభై రెండుకే గ్రూపులో పెట్టి ఉంటే, పదకొండూ నాలుగుకు చేరేది. ఏడో నిమిషం రాకుండానే ఆగిపోయేది. ఈ కూడికలూ తీసివేతలూ ఆమె ఒకటికి పదిసార్లు చేసింది. ఎన్నిసార్లు చేసినా అంతే వచ్చింది.

ఆ పాప బతికింది. మర్నాడు పొద్దునే కళ్ళు తెరిచి చెప్పులు కావాలని గొడవ చేసిందట. అయితే ఆ మధ్యాహ్నానికి ఆ సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి, నేనూ తెలియనట్టే మిగతాది చెప్తాను.

పన్నెండున్నరకు డీన్ కబురు పెట్టాడు: జరిగింది ఒక పేజీలో రాసి పంపండి, మీటింగులో చదవాలి. ఆమె రాసింది. చీటీ సంగతి, రెండో స్కాన్ మర్చిపోయిన సంగతి, అన్నీ రాసింది. "తప్పు తెలిసిన వెంటనే గ్రూపులో తెలియజేశాను" అని రాసింది. రాసి, చదువుకుని, కామా ఒకటి సరిచేసింది. ఆ ఐదు నిమిషాల సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిసే దారీ లేదు. అన్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు కలిపి, మూత పెట్టేసింది.

ఒంటిగంటన్నరకు తమ్ముడి ఫోను. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురు పోయింది.

"అక్కా, పాప వాళ్ళమ్మ నీతో మాట్లాడతానంటోంది. ఏం చెప్పాలో తెలియక, ఆ కాగితం పంపిన మేడమ్ అని చెప్పాను."

ఆమె వద్దనేలోపే ఫోను చెయ్యి మారింది.

"అమ్మా, నమస్తే అమ్మా." సన్నటి గొంతు, అలిసిపోయి ఉంది. "మీరెవరో నాకు తెలీదు. ఎక్కడో ఉండి మా పాప కోసం ఫోన్లు చేయించారట. టీ ఇచ్చే ఆయన కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మీ మేలు మర్చిపోలేనమ్మా."

"అమ్మా, మొదట తప్పు కాగితం పంపింది కూడా నేనే" అంది లైబ్రేరియన్.

"డాక్టరమ్మ చెప్పింది. పొరపాట్లు అందరికీ జరుగుతాయి. తెలియగానే చెప్పారు కదా, అదే పదివేలు."

తెలియగానే. బల్ల మీద రిపోర్టులో కూడా దాదాపు అదే మాట ఉంది, ఆమె చేతిరాతలో. అవునమ్మా అంటే సరిపోతుంది. అవతలి మనిషికి కూడా ఆ అవునే కావాలి, ఆ గంటలో ఆమెకు ఎవరి మీదన్నా నమ్మకం పెట్టుకోవాలని ఉంది. నిజం చెప్పి ఆ నమ్మకం కూడా తీసెయ్యడం న్యాయమా? ఇలాగే ఏదో ఒక సాకు పెట్టుకుని పొద్దున ఐదు నిమిషాలు ఆగింది.

"తెలియగానే చెప్పలేదమ్మా. ఐదు నిమిషాలు ఆగాను."

"ఎందుకు?"

"నలుగురిలో పరువు పోతుందని."

 అవతల ఏదో యంత్రం కూత కూస్తోంది, ఎవరో మంచం చక్రాలు లాగుతున్నారు. తిడుతుందని ఎదురుచూసింది. తిడితే బాగుండును. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని పెన్ను తీసి, రిపోర్టులో "వెంటనే" అన్న మాట కొట్టేసి, పైన "ఐదు నిమిషాలు ఆలస్యంగా" అని రాసింది. కొట్టివేత కనబడకుండా తిరగరాయాలని ఆమెకు తోచలేదు.

"ఇప్పుడు ఎక్కిస్తున్న లెక్క కూడా మీరు పంపిందేనా?" అంది తల్లి. గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు.

"నేను పంపిందేనమ్మా. అది సరైనదే. రెండుసార్లు చూసుకున్నాను."

"ఇంకోసారి చూడండి."

"అలాగేనమ్మా. చూసి ఫోన్ చేస్తాను."

"వద్దు. ఇప్పుడే చూడండి. నేను లైన్లోనే ఉంటాను. నాకు వినబడేట్టు చదవండి."

ఆమె ఫోను స్పీకరులో పెట్టి, బైండు దగ్గరికి లాక్కుంది. రెండు వందల పదిహేనో పేజీ తెరిచింది. ముందు చీటీ మీదున్నది చదివింది. చీటీ ఎత్తి, కింద ఉన్న శీర్షికలు చదివి, అవి ఎలా మార్చుకోవాలో చెప్పింది. తర్వాత పట్టికలోకి వచ్చింది.

"పిల్లలకు. గంటకు రెండు మిల్లీలీటర్లు."

"మా పాపకి ఆరేళ్ళు" అంది తల్లి. "గంటకి రెండు. మిషన్ మీద కూడా రెండే కనబడుతోంది." ఎవరినో కాగితమూ పెన్నూ అడిగింది. "ఆగండి, రాసుకుంటాను. మళ్ళీ మొదట్నుంచి చదవండి."

లైబ్రేరియన్ మళ్ళీ మొదటి నుంచి చదివింది.